కీబోర్డు లేచాక తెర ఎవరి చేతిలో ఉంటుంది?

ఫోన్ నంబరు అడిగే తెర. బాక్స్ మీద వేలు పెట్టగానే కింది నుంచి కీబోర్డు లేస్తుంది, పది అంకెలూ కొట్టేస్తాం. ఆ తర్వాత నొక్కాల్సిన ‘కొనసాగించండి’ బటన్ మాత్రం ఎక్కడా కనిపించదు. అది కీబోర్డు కింద ఉండిపోయింది. అలవాటున్నవాళ్లు బ్యాక్ నొక్కి కీబోర్డును దించి బటన్‌ను పట్టుకుంటారు. అలవాటు లేనివాళ్లు యాప్ పనిచేయడం లేదనుకుని మూసేస్తారు. దీనికి పూర్తిగా ఎదురు జబ్బు ఇంకొకటుంది: కీబోర్డుకూ రాసే బాక్స్‌కూ నడుమ రెండు వేళ్ల మందాన ఎందుకూ కొరగాని తెల్లటి ఖాళీ. మొదటి తెరను ఎవరూ సర్దలేదు. రెండో తెరను ఇద్దరు సర్దారు.

మొబైల్ యాప్‌లు రాసేవాళ్లను పదిహేనేళ్లకు పైగా సతాయిస్తున్న ఈ సమస్యకు ఎన్నో పరిష్కారాలు వచ్చాయి. సిస్టమ్‌కే వదిలేయమన్నవి కొన్ని, అంతా చేత్తో రాసుకోమన్నవి కొన్ని, మధ్యేమార్గంగా లైబ్రరీలు కొన్ని. వాటన్నిటినీ వరసగా పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: కీబోర్డు ఎత్తు తెలియక పుట్టిన బగ్‌ల కన్నా, తెరను జరిపే బాధ్యత ఎవరిదో తేల్చుకోకపోవడం వల్ల పుట్టినవే ఎక్కువ.

ఇంతకీ కీబోర్డు ఎవరిది? ఆండ్రాయిడ్‌లో అది వేరే యాప్. జీబోర్డ్ కావచ్చు, స్విఫ్ట్‌కీ కావచ్చు, ఫోన్ కంపెనీ ముందే పెట్టి ఇచ్చింది కావచ్చు. తన సొంత ప్రాసెస్‌లో నడుస్తూ, తన సొంత విండోలో, మన యాప్ విండో మీదుగా గీసుకుంటుంది. ఐఫోన్‌లో సిస్టమ్ కీబోర్డు చాలాకాలం యాప్ ప్రాసెస్‌లోనే ఉండేది. 2023లో ఐఓఎస్ 17 వచ్చాక అది కూడా బయటి ప్రాసెస్‌కు వెళ్లిపోయింది. ఏ కీబోర్డు వాడాలో, దాన్ని ఎంత ఎత్తున పెట్టుకోవాలో, ఏ భాషలో కొట్టాలో తేల్చేది వాడేవాళ్లు. యాప్‌కు అందేది ఒక కబురు మాత్రమే: ఇంతమేర కప్పేశాను, నీ సంగతి చూసుకో.

2007లో వచ్చిన ఐఫోన్‌కు మీటల కీబోర్డు లేదు, టైపింగ్ అంతా తెర మీదే. 2008లో బయటి డెవలపర్లకు తలుపులు తెరిచినప్పటి నుంచీ, కీబోర్డు రాబోతోందనీ వెళ్లబోతోందనీ నోటిఫికేషన్ పంపే ఏర్పాటు ఉంది. దానిలోంచి ఎత్తు చదువుకుని సర్దుకోవడం డెవలపర్ పని. కానీ అప్పట్లో ఉన్నది ఒకే సైజు తెర, 320 పాయింట్ల వెడల్పు, 480 పాయింట్ల పొడవు. నిలువుగా పట్టుకుంటే కీబోర్డు 216 పాయింట్లు, అడ్డంగా పట్టుకుంటే 162. నోటిఫికేషన్ విప్పి చదివే శ్రమ ఎందుకని చాలామంది ఆ 216ను కోడ్‌లో నేరుగా రాసేసుకున్నారు. ఆ అంకె ఎన్ని యాప్‌లలో ఎన్నేళ్లు బతికిందో తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం జాలీ కలుగుతుంది.

ఆ అంకెను మొదట దెబ్బకొట్టింది 2010లో వచ్చిన ఐప్యాడ్. మరుసటి ఏడాది ఐఓఎస్ 5లో ఐప్యాడ్ కీబోర్డును రెండుగా చీల్చి, తెర మధ్యకు లాక్కునే వీలు వచ్చింది; ‘కీబోర్డు వచ్చింది’, ‘వెళ్లింది’ అనే రెండు కబుర్లు చాలక ‘చోటు మారింది’ అనే మూడో కబురు పుట్టింది. 2014లో ఐఓఎస్ 8 బయటి కంపెనీల కీబోర్డులను రానిచ్చింది, తన కీబోర్డు నెత్తిన మాటలు సూచించే పట్టీని కూడా పెట్టింది. అప్పట్లో ఆ పట్టీని వేలితో కిందికి లాగి దాచే వీలుండేది, మళ్లీ పైకి తెచ్చే వీలుండేది. అంటే కీబోర్డు తెర మీద ఉండగానే దాని ఎత్తు మారిపోయేది. 2017లో ఐఫోన్ టెన్ వచ్చి, తెర అడుగున 34 పాయింట్ల మేర హోమ్ గీతకు వదలాలంది. కీబోర్డు ఎత్తులో ఆ 34 కూడా కలిసే ఉంటుంది. కింద ఆ 34ను అప్పటికే వదిలిన తెర, కీబోర్డు ఎత్తును పూర్తిగా మళ్లీ కలుపుకుంటే సరిగ్గా 34 పాయింట్ల ఖాళీ మిగులుతుంది. మొదట చెప్పిన తెల్లటి ఖాళీకి ఐఫోన్‌లో ఇదే అతి మామూలు కారణం.

చేత్తో రాసే సరైన పద్ధతి ఐఫోన్‌లో ఎలా ఉంటుందో ఇక్కడే చెప్పుకుందాం. నోటిఫికేషన్‌లో వచ్చే దీర్ఘచతురస్రం మొత్తం స్క్రీన్ కొలతల్లో ఉంటుంది. దాన్ని మన వ్యూ కొలతల్లోకి మార్చాలి. మార్చాక మన వ్యూకూ దానికీ ఎంతమేర అతివ్యాప్తి ఉందో చూడాలి. ఆ అతివ్యాప్తి ఎత్తులోంచి, కింద సేఫ్ ఏరియా పేరుతో అప్పటికే వదిలిన ఆ 34 లాంటి చోటును తీసేయాలి. మిగిలిందే జరపాల్సిన దూరం. ఎత్తును నేరుగా వాడితే వచ్చే ప్రమాదం ఐప్యాడ్‌కు బయటి కీబోర్డు తగిలించినప్పుడు తెలుస్తుంది. తెర మీదకు షార్ట్‌కట్ల పట్టీ మాత్రమే వస్తుంది, కీబోర్డు దేహమంతా తెర దిగువకు జారి కనిపించకుండా ఉంటుంది. ఎత్తు అడిగితే మొత్తం చెబుతుంది, కప్పింది మాత్రం పిసరంత. ఐప్యాడ్‌లో రెండు యాప్‌లు పక్కపక్కన తెరిస్తే మరో చిక్కు. పక్క యాప్‌లో ఎవరో టైప్ చేస్తున్నా ఆ కీబోర్డు మన యాప్‌ను కూడా కప్పుతుంది, కబురు మనకూ వస్తుంది. ఆ కీబోర్డు మనదా పొరుగుదా అని చెప్పే గుర్తు కూడా 2015 నుంచి ఆ కబురులోనే ఉంది. దాన్ని చదివే కోడ్ మాత్రం అరుదు.

ఆండ్రాయిడ్ కథ వేరుగా మొదలైంది. 2008లో వచ్చిన మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌కు పక్కకు జారే మీటల కీబోర్డు ఉండేది, తెర మీద కీబోర్డే లేదు. 2009లో ఆండ్రాయిడ్ 1.5 దాన్ని తెచ్చింది, దాంతోపాటే బయటి కీబోర్డులకు చోటిచ్చింది. ఎవరి కీబోర్డైనా రావచ్చు కనుక డెవలపర్ అంకెలు లెక్కపెట్టే అవసరం లేకుండా, మ్యానిఫెస్ట్ ఫైల్‌లో ఒక్క మాట రాస్తే చాలన్నారు. ‘అడ్జస్ట్‌రీసైజ్’ అంటే విండోను కుదించి కీబోర్డు పైన మిగిలిన చోట మళ్లీ పేర్చడం. ‘అడ్జస్ట్‌పాన్’ అంటే కుదించకుండా, రాస్తున్న బాక్స్ కనిపించేదాకా తెరనంతా పైకి నెట్టడం. ‘అడ్జస్ట్‌నథింగ్’ అంటే ఏమీ చేయకపోవడం. ఆలోచన మంచిదే. ఫారాలకు మొదటిది చక్కగా సరిపోయేది, ఈనాటికీ బోలెడు యాప్‌లు దాని మీదే నడుస్తున్నాయి.

అయితే ఇందులో ఒక పెద్ద లోటు మిగిలింది: కీబోర్డు లేచి ఉందా లేదా అని అడగడానికి, ఎంత చోటు తీసుకుందో తెలుసుకోవడానికి నేరుగా ఒక దారి లేదు. చాట్ యాప్ రాసేవాళ్లకు అది తెలియకపోతే పని జరగదు. దాంతో అడ్డదారులు పుట్టాయి. లేఅవుట్ మారిన ప్రతిసారీ విండోలో కనిపించే భాగం ఎత్తు కొలిచి, మొత్తం ఎత్తులోంచి తీసేసి, తేడా ఒక హద్దు దాటితే కీబోర్డు లేచినట్టే అనుకోవడం అన్నిటికన్నా పేరు మోసింది. ఆ హద్దు ఒకరికి 100 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత), ఇంకొకరికి 200, మరొకరికి తెరలో 15 శాతం. అందరివీ ఊహలే. 2016లో ఆండ్రాయిడ్ 7 ఒకే తెర మీద రెండు యాప్‌లు పెట్టనిచ్చాక ఆ ఊహలు తప్పడం మొదలైంది. కీబోర్డును చిన్నది చేసి తెర మీద తేలాడేలా పెట్టుకునేవాళ్ల దగ్గర, కీబోర్డు ఎదురుగా కనిపిస్తున్నా కోడ్ మాత్రం లేదంటుంది. ఇంకో ఉపాయం మరీ చమత్కారమైనది. వెడల్పు సున్నాగా ఉండే కనిపించని పాపప్ విండో ఒకటి తెరిచి, దానికి మాత్రం అడ్జస్ట్‌రీసైజ్ పెట్టి, అది ఎంత కుంచించుకుపోయిందో కొలవడం. అసలు తెర మాత్రం కదలదు. ఫుల్‌స్క్రీన్‌లో అడ్జస్ట్‌రీసైజ్ పనిచేయదన్న ఫిర్యాదుకు ఆండ్రాయిడ్ బగ్‌ల జాబితాలో 5497 అనే సంఖ్య పడింది. దాన్ని దాటేయడానికి ఎవరో రాసిన చిన్న క్లాస్ ఆ సంఖ్యనే పేరులో పెట్టుకుని లెక్కలేనన్ని వెబ్‌వ్యూ యాప్‌లలోకి చేరింది.

2020లో ఆండ్రాయిడ్ 11 ఈ లోటు తీర్చింది. స్టేటస్ బార్, నావిగేషన్ బార్ అంచుల నుంచి ఎంత తిన్నాయో చెప్పే ఇన్‌సెట్ల జాబితాలోకి కీబోర్డునూ చేర్చారు. అది ఉందా, ఎంత కప్పింది అని నేరుగా అడగవచ్చు. అది లేస్తున్నంతసేపూ ప్రతి ఫ్రేమ్‌కూ ఎక్కడిదాకా వచ్చిందో వినవచ్చు. వేలితో లాగుతూ కీబోర్డునే కదిలించవచ్చు. ఐఓఎస్ వైపు 2021లో ఐఓఎస్ 15 కీబోర్డు లేఅవుట్ గైడ్‌ను ఇచ్చింది. దాని పై అంచుకు మన బాక్స్ అడుగు అంచును కట్టేస్తే చాలు. కీబోర్డు లేస్తే అదీ లేస్తుంది, దిగితే వచ్చి సేఫ్ ఏరియా అడుగున ఆగుతుంది. నోటిఫికేషన్, కొలతల మార్పిడి, 34 తీసివేత ఏదీ అక్కర్లేదు. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా తెలివైన పరిష్కారం ఇదే. డెవలపర్ చేతికి అంకె ఇవ్వకుండా అంచు ఇచ్చింది. అంకె ఇస్తే దాన్ని ఎక్కడో దాచుకుంటాం, ఇంకెక్కడో కలుపుతాం. అంచును ఎవరూ రెండుసార్లు కలపలేరు.

కథ ఇక్కడితో సుఖాంతం అవ్వాలి, కాలేదు. అంచు నుంచి అంచు దాకా తెరంతా యాప్‌దే అన్న కొత్త పద్ధతి వచ్చింది. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు అది తప్పనిసరి. 16ను లక్ష్యంగా పెట్టుకుంటే తప్పించుకునే వెసులుబాటు కూడా లేదు. కొత్త యాప్‌లూ అప్‌డేట్‌లూ కనీసం ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకోవాలని ప్లే స్టోర్ పెట్టిన గడువు 2025 ఆగస్టు 31. ఈ పద్ధతిలో విండో దానంతటదే కుదించుకోదు. కీబోర్డు ఎంత కప్పిందో సిస్టమ్ చెబుతుంది, ఆ మేరకు జరగడం యాప్ పని. ఏళ్ల తరబడి ఒక్క అడ్జస్ట్‌రీసైజ్ మాటతో నెట్టుకొచ్చిన ఫారాలన్నీ, కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, లక్ష్యం సంఖ్య పెంచిన రోజున కీబోర్డు కింద మునిగాయి. ఇందులో ఒక తమాషా ఉంది. అడ్జస్ట్‌రీసైజ్‌ను కోడ్‌లో వాడే స్థిరాంకాన్ని ఆండ్రాయిడ్ 11లోనే వాడవద్దని పక్కన పెట్టారు. కీబోర్డు ఇన్‌సెట్లు సరిగా అందాలంటే మాత్రం మ్యానిఫెస్ట్‌లో ఆ మాటే రాయమని డాక్యుమెంటేషన్ ఇప్పటికీ చెబుతోంది. చేత్తో సర్దడం ఒకప్పుడు సాహసం, ఇప్పుడు నిత్యవిధి.

విధి అయినప్పుడు లెక్క తప్పకుండా చేయాలి. ఆండ్రాయిడ్‌లో కీబోర్డు ఇన్‌సెట్‌ను విండో అడుగు అంచు నుంచి కొలుస్తారు కనుక నావిగేషన్ బార్ ఎత్తు దానిలోనే ఉంటుంది. కీబోర్డు 300, బార్ 48 అయితే జరగాల్సింది 300. రెండూ కలిపి 348 జరిపితే మళ్లీ తెల్లటి ఖాళీ. ఆండ్రాయిడ్ తెరలు రాసే టూల్‌కిట్ జెట్‌ప్యాక్ కంపోజ్ ఈ తప్పును చాలావరకు ఆపుతుంది. బయటి పొర ఒక ఇన్‌సెట్‌ను వాడుకుంటే ‘ఇది ఖర్చయిపోయింది’ అని లోపలి పొరలకు చెబుతుంది, లోపలివి మిగిలింది మాత్రమే కలుపుకుంటాయి. కానీ ఈ మాట చెవిన పడేది దాని సొంత మాడిఫయర్లకే. ఎత్తును విడిగా చదివి చేత్తో ప్యాడింగ్ పెట్టినవాళ్లకు ఆ రక్షణ ఉండదు.

ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ రాసే ఫ్లట్టర్ ఇదే సూత్రాన్ని ఇంకాస్త కఠినంగా పాటిస్తుంది. అక్కడ స్కాఫోల్డ్ అనే చట్రం మామూలుగా తానే కుదించుకుంటుంది, కుదించుకున్నాక తన లోపలి పిల్లలకు కీబోర్డు ఇన్‌సెట్ సున్నా అని చెబుతుంది. స్కాఫోల్డ్ లోపల నిలబడి కీబోర్డు ఎత్తు అడిగి, సున్నా చూసి, ఇది ఫ్లట్టర్ బగ్ అని గగ్గోలు పెట్టేవాళ్లు కొల్లలు. అది బగ్ కాదు, యజమాని తన పని ముగించానని చెప్పడం. చేత్తో సర్దుకోదలిస్తే ముందు స్కాఫోల్డ్‌ను తప్పుకోమనాలి. అందుకు ఒక స్విచ్ ఉంది. రెండూ ఒకేసారి కావాలనుకుంటేనే తగువు. కుదించిన చోట లోపలి సరుకు పట్టకపోతే, డీబగ్ బిల్డ్‌లో పసుపు నలుపు చారలతో ఎన్ని పిక్సెళ్లు పొంగిందో చూపిస్తుంది. వికారంగా ఉంటుంది గానీ, బటన్ గుట్టుచప్పుడు కాకుండా మాయం కావడం కన్నా ఆ చారలే నయం.

అదే పనికి వాడే రియాక్ట్ నేటివ్‌లో ఉన్న కీబోర్డ్‌అవాయిడింగ్‌వ్యూ మీద నాకు అంత నమ్మకం లేదు. ప్యాడింగ్ పెంచమంటావా, ఎత్తు తగ్గించమంటావా, పైకి జరపమంటావా అని మూడు తీర్లు చూపించి ఎంచుకోమంటుంది. ఆండ్రాయిడ్‌లో ఒక తీరు బాగుంటే ఐఫోన్‌లో ఇంకొకటి బాగుంటుంది. పైన హెడర్ ఉంటే దాని ఎత్తును మనమే ఇవ్వాలి. ఆండ్రాయిడ్ పాత పద్ధతిలో ఒకపక్క విండో తానే కుదించుకుంటుంటే, మరోపక్క ఇది కూడా కుదిస్తుంది. పైగా కీబోర్డు రాబోతోందన్న ముందస్తు కబురు ఐఫోన్‌లోనే వస్తుంది. ఆండ్రాయిడ్‌లో వచ్చాక మాత్రమే తెలుస్తుంది, అందుకే తెర ఒక్క కుదుపుతో జరుగుతుంది. జాబితాలో ఏదైనా నొక్కితే మొదటి నొక్కు కీబోర్డును దించడానికే ఖర్చయి, రెండోసారి నొక్కితే గానీ పని కాకపోవడం కూడా ఇక్కడి మామూలు సెట్టింగే. వాడేవాళ్లు దాన్ని యాప్ మొద్దుతనం అనుకుంటారు.

వెబ్ సంగతి క్లుప్తంగా. ఐఫోన్ సఫారీ పేజీ కొలతను కీబోర్డు కోసం మార్చదు, చూసే కిటికీని మాత్రమే కుదిస్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్ పేజీనే కుదించేది. 2022 చివర 108వ వెర్షన్‌తో అదీ సఫారీ దారికి వచ్చింది. పాత తీరే కావాలనుకునేవాళ్లు వ్యూపోర్ట్ మెటా ట్యాగ్‌లో ఒక మాట రాసి అడగవచ్చు. సఫారీలో 16 పిక్సెళ్ల కన్నా చిన్న అక్షరాలున్న బాక్స్‌ను ముట్టుకుంటే పేజీ దానంతటదే పెద్దదవుతుంది. ఆ నేరం కూడా తరచూ కీబోర్డు మీదకే వెళ్తుంది.

ఇక చేత్తో సర్దడం నిజంగా అవసరమైన చోటుకు వద్దాం. అది చాట్ తెర. సిస్టమ్‌కు వదిలేస్తే అక్కడ పని కుదరదు, ఎందుకంటే కీబోర్డు స్థానంలోకి ఎమోజీల పలక, స్టిక్కర్లు, ఫొటోల వరస వస్తూ పోతూ ఉంటాయి. కీబోర్డు దిగి పలక లేచేటప్పుడు రాసే బాక్స్ ఒక్క పిక్సెల్ కూడా కదలకూడదు. కదిలితే కంటికి చిరాకు, వేలు గురి తప్పుతుంది. ఇది సాధించే వరస ఒకటుంది: కీబోర్డు లేచి ఉన్నప్పుడే దాని ఎత్తును గుర్తుపెట్టుకోవాలి, ఎమోజీ బటన్ నొక్కగానే, ముందు అడుగున అంతే ఎత్తు చోటును బిగించి, దానిలో పలకను పెట్టి, ఆ తర్వాతే కీబోర్డును దించాలి. కీబోర్డు దిగుతుంటే దాని వెనక అప్పటికే పలక కూర్చుని ఉంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఇదే తిరగేసి చేయాలి: కీబోర్డు పూర్తిగా లేచేదాకా పలక చోటును వదలకూడదు. టెలిగ్రామ్ ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంది. దానిలో కీబోర్డు ఎత్తును కొలిచి నిలువుకూ అడ్డానికీ విడివిడిగా దాచుకునే ఏర్పాటును ఎవరైనా చూడవచ్చు. దాచుకున్న ఎత్తు పాతబడుతుందన్న సంగతి మరవకూడదు. వాడేవాళ్లు కీబోర్డు మార్చినా, ఎత్తు సెట్టింగ్ మార్చినా, తర్వాత కీబోర్డు లేచినప్పుడు కొత్త కొలత తీసుకోవాలి.

చాట్‌లో రెండో ప్రశ్న జాబితాది. అట్టడుగున చివరి సందేశం చూస్తున్నవారి ముందు కీబోర్డు లేస్తే ఆ సందేశం కీబోర్డు పైకి రావాలి, ఇందులో వాదన లేదు. పాత సందేశాలు చదువుతూ మధ్యలో ఉన్నవారి విషయంలోనే అభిప్రాయాలు తేడా. జాబితాను అలాగే ఉంచి కింది భాగాన్ని కప్పడం ఒక పద్ధతి, కీబోర్డు లేచినంత మేరా జాబితాను పైకి జరపడం ఇంకొకటి. నేను రెండోదాని వైపు. ఒక సందేశానికి జవాబు రాయడానికే బాక్స్ ముట్టుకుంటాం, ఆ సందేశం సాధారణంగా తెర అడుగు భాగంలోనే ఉంటుంది. దాన్ని కప్పేసి జవాబు రాయమనడం సబబు కాదు.

కదలిక ఎలా ఉండాలన్నది మూడో ప్రశ్న. ఐఫోన్ నోటిఫికేషన్‌లో కీబోర్డు ఎంత సేపట్లో లేస్తుందో, ఏ వంపులో లేస్తుందో కూడా ఉంటాయి. ఆ వంపు విలువ 7 అని వస్తుంది. బయటికి చెప్పిన జాబితాలో 7 అనేదే లేదు. దాన్ని 16 బిట్లు ఎడమకు జరిపి యానిమేషన్ ఆప్షన్‌గా వాడుకోవడం ఐఫోన్ డెవలపర్ల మధ్య నోటిమాటగా పాకిన కిటుకు. లేఅవుట్ గైడ్ వచ్చాక దానితో పని తీరిపోయింది. ఆండ్రాయిడ్‌లో ప్రతి ఫ్రేమ్‌కూ ప్యాడింగ్ మారుస్తూ పోతే ప్రతిసారీ తెరంతా మళ్లీ కొలిచి పేర్చాలి, పొడుగాటి జాబితా ఉన్న చౌక ఫోన్‌లో అది తడబడుతుంది. మేలైన దారి ఇంకొకటుంది. కదలిక మొదలయ్యే ముందే చివరి స్థితికి ఒక్కసారి పేర్చేసి, ఆ వెంటనే బాక్స్‌ను తాత్కాలికంగా పాత చోటికి నెట్టి, ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ ఆ నెట్టుడును మాత్రమే తగ్గించడం. పేర్చేది ఒక్కసారే, మిగతాదంతా గీసిన బొమ్మను జరపడమే. సిద్ధం, మొదలు, నడక, ముగింపు అని ఆండ్రాయిడ్ 11 ఇచ్చిన నాలుగు పిలుపులు సరిగ్గా ఈ వరసకు కుదిరినవే. పాత ఫోన్ల కోసం ఆండ్రాయిడ్ 5 దాకా వెనక్కి పనిచేసే లైబ్రరీ రూపం ఉంది. అక్కడ కదలిక అసలు కీబోర్డుతో అచ్చంగా కలవదు గానీ కుదుపు కన్నా మెరుగు.

తెలుగులో కొట్టేవాళ్ల దగ్గర ఈ లెక్కలన్నిటికీ ఇంకాస్త పరీక్ష ఎదురవుతుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునేవాళ్లకు సూచనల పట్టీ లేకుండా గడవదు. ఇన్‌స్క్రిప్ట్ వరసలో కొట్టేవాళ్లకు వేరే అమరిక. ఒకే సందేశంలో నాలుగు మాటలు తెలుగు, రెండు ఇంగ్లిష్, ఒక ఎమోజీ. భాష మార్చే గ్లోబ్ మీట నొక్కినప్పుడల్లా కీబోర్డు ఎత్తు మారే వీలుంది, మధ్యలో అది దిగనూ దిగదు. ‘వచ్చింది’, ‘వెళ్లింది’ కబుర్లను మాత్రమే వినే కోడ్‌కు ఈ మార్పు తెలియదు. బాక్స్ అడుగు భాగం సూచనల పట్టీ కింద దాక్కుంటుంది. పట్టీని చూసి మాట ఎంచుకోవాల్సిన మనిషికి తను కొట్టిన మాట కనిపించదు.

మన అక్షరాల ఎత్తు ఇంకో సంగతి. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తులు గీతకు చాలా కిందికి దిగుతాయి. కీబోర్డు మీద మిగిలిన చోటు తక్కువని బాక్స్ ఎత్తును 40 డీపీకి బిగించిన డిజైన్ ఇంగ్లిష్‌లో ముచ్చటగా ఉంటుంది, తెలుగులో ఒత్తులు తెగిపడతాయి. ఆండ్రాయిడ్ 15 లక్ష్యంగా ఉన్న యాప్‌లలో, నిలువు చోటు ఎక్కువ కావాల్సిన లిపులను ఇరికించకుండా చదవదగ్గట్టు చూపించే సెట్టింగ్ మామూలుగానే ఆన్ అయి వస్తుంది. 16కు వచ్చేసరికి దాన్ని ఆపే వీలు పోయింది. లేఅవుట్ సరిచూసుకోమని చెప్పిన లిపుల్లో తెలుగు కూడా ఉంది. తెర అంచుల దాకా పరుచుకోమన్న నియమమూ, అక్షరాలకు నిండు ఎత్తు ఇవ్వమన్న నియమమూ ఒకే మెట్టు మీద ఎదురయ్యాయన్నమాట. బాక్స్‌కు కచ్చితమైన ఎత్తు కాకుండా కనీస ఎత్తు ఇచ్చినవాళ్లు రెండోదాన్ని సులువుగా దాటేశారు.

చేత్తో రాసే కోడ్‌లో మరో పాత పొరపాటు, బాక్స్‌లో కర్సర్ ఉంటే కీబోర్డు ఉన్నట్టే అనుకోవడం. ఆండ్రాయిడ్‌లో బ్యాక్ నొక్కితే కీబోర్డు దిగుతుంది, కర్సర్ మాత్రం మినుకుతూనే ఉంటుంది. బయటి కీబోర్డు తగిలిస్తే కర్సర్ ఉంటుంది, తెర మీద కీబోర్డే రాదు. ఐఫోన్ అంకెల కీబోర్డుకు ముగించే మీట లేదు, బ్యాక్ బటనూ లేదు. దాన్ని దించే దారి యాప్ చూపించాల్సిందే, అందుకే చాలా యాప్‌లు దాని నెత్తిన ‘పూర్తయింది’ అనే పట్టీ అంటిస్తాయి. ఆ పట్టీ ఎత్తు కీబోర్డు కొలతలో కలిసే వస్తుంది, విడిగా కలపక్కర్లేదు. ఇవేవీ డెవలపర్ కంట పడకపోవడానికి ఒక చిన్న కారణం ఉంది. ఐఫోన్ సిమ్యులేటర్ మ్యాక్ కీబోర్డుకు కలిపి ఉంటే తెర మీద కీబోర్డు లేవదు. ఫారం మొత్తం మ్యాక్ మీటలతో కొట్టి, అంతా బాగుందని పంపేస్తారు. కమాండ్, కె కలిపి ఒక్కసారి నొక్కితే అసలు రూపం బయటపడుతుంది.

ఫారాల విషయంలో నా మాట మొహమాటం లేనిది: చేత్తో కొలతలు తీసుకోవద్దు. మొత్తాన్ని స్క్రోల్ అయ్యే పొరలో పెట్టి, కింది అంచును లేఅవుట్ గైడ్‌కో కీబోర్డు ఇన్‌సెట్‌కో కట్టి వదిలేయాలి. స్విఫ్ట్‌యూఐ 2020 నుంచి ఆ పని తానే చేస్తోంది. ఐఫోన్‌లో ఐక్యూకీబోర్డ్‌మేనేజర్ లాంటి లైబ్రరీ ఒక్క వరసతో యాప్ అంతటా ఈ సర్దుబాటు చేసిపెట్టి ఎందరికో మేలు చేసింది. కాకపోతే అది యాప్ అంతటా చెయ్యి పెడుతుంది, తన లెక్క తానే చూసుకునే చాట్ తెర దగ్గర అదే రెండో చెయ్యి అవుతుంది; అక్కడ దాన్ని ఆపాలి. సిస్టమ్ చేయలేని పని ఫారాల్లో ఒకటి మిగులుతుంది. సిస్టమ్ కర్సర్‌ను కనిపించేలా తెస్తుంది, అంతే. బాక్స్ కింద ఎర్రగా వచ్చిన తప్పు సందేశమూ, ఆ కింది బటనూ దానికి పట్టవు. ‘ఈ బాక్స్‌తోపాటు ఇంత మేర కూడా చూపించు’ అని చెప్పడం మన వంతు. ఫోకస్ ఉన్న భాగం, తెర రాసినవాళ్లే పెట్టిన వేరేదాని కింద పూర్తిగా మరుగున పడకూడదని 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 ఒక నియమంగానే చేర్చింది.

చివరికి ఎవరు సర్దినా కుదరని సందర్భం ఒకటుంది: అడ్డంగా పట్టుకున్న మామూలు ఫోన్. తెర ఎత్తు 360 డీపీ అనుకుందాం. స్టేటస్ బార్‌కు 24, హెడర్‌కు 56, కీబోర్డుకు ఓ 200 పోతే మిగిలేది 80. ఒక బాక్స్, దాని మీద పేరు, అంతే. అక్షరాల సైజు పెంచుకున్న పెద్దవాళ్ల ఫోన్‌లో అదీ పట్టదు. ఆండ్రాయిడ్ మొదటి నుంచీ దీనికి ఒక మోటు జవాబు ఇచ్చింది. అడ్డంగా ఉన్నప్పుడు కీబోర్డే తెరంతా ఆక్రమించి, తన సొంత బాక్స్‌నూ ముగించే బటన్‌నూ చూపిస్తుంది. అందంగా ఉండదని చాలామంది డెవలపర్లు ఒక ఫ్లాగ్ పెట్టి దాన్ని ఆపేస్తారు, ఆపాక మిగిలిన 80 డీపీలో ఏం చేయాలో ఆలోచించరు. కీబోర్డు లేచినప్పుడు హెడర్‌ను దాచేయడం, తర్వాతి బాక్స్‌కు వెళ్లే బటన్‌ను కీబోర్డు మీటకే అప్పగించడం, ఒక తెరకు ఒక ప్రశ్నే అడగడం ఇక్కడ పనికొస్తాయి. ఇవేవీ చేయలేనప్పుడు ఆ ఫ్లాగ్ తీసేసి ఆ మోటు తెరనే రానివ్వడం మంచిది.